అడవి కప్పిన శిఖరం మీద మూడే కాంటాక్టులు: నాలుగోది ఎందుకు రాలేదు?

కొత్తగొంతు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చి ఏడు నెలలైంది. నిన్న మొదటిసారి రేడియో సంచి వీపున వేసుకుని ఒక శిఖరం ఎక్కాను. ఎత్తు 940 మీటర్లు, అడుగు నుంచి కొస దాకా చెట్లే. రెండున్నర గంటల నడక. కొస మీద పొదలు అల్లుకుపోయి కాలు చాపే చోటు కూడా లేకపోవడంతో, దాన్ని ముట్టుకుని వచ్చి కాస్త కింద ఒక ఖాళీ జాగాలో కూర్చున్నాను.

20 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవు సుమారు అంత), 14.285 మెగాహెర్ట్జ్ మీద ఎస్‌ఎస్‌బీ (గొంతుతో మాట్లాడే పద్ధతి), 5 వాట్లు. యాంటెన్నా ఒక కొస నుంచి శక్తి అందుకునే 10 మీటర్ల ఎండ్‌ఫెడ్ తీగ. బరువు కట్టిన తాడు కొమ్మ మీదుగా విసిరి పైకి లాగాను. ముందు రాత్రి వాన పడింది, ఆకులన్నీ తడిగా ఉన్నాయి. తీగ వాటి మధ్య నుంచే వెళ్లింది. తీగ నుంచి శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 చూపించింది, 1కి దగ్గరగా ఉంటే మంచిది.

గంటా నలభై నిమిషాలు పిలిచాను. మూడు కాంటాక్టులు వచ్చాయి, మూడూ ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల నుంచి. 250 కిలోమీటర్ల దూరంలో నా స్నేహితుడు పొద్దున్నుంచీ నాకోసమే వింటూ కూర్చున్నాడు. అతనికి నా మాట ఒక్కటీ అందలేదు. సోటాలో (సమిట్స్ ఆన్ ది ఎయిర్, శిఖరాల మీది నుంచి రేడియోలో మాట్లాడే కార్యక్రమం) పాయింట్లు రావాలంటే నాలుగు కాంటాక్టులు కావాలి. ఆ నాలుగోది ఎందుకు రాలేదో అర్థం కాక నిద్ర పట్టడం లేదు. చివరికి దూరంగా ఉరుములు వినబడి దిగిపోయాను.

దూరశ్రోత
ఆదివారం, రాత్రి 9:40

ముందుగా అభినందనలు. అయిదు వాట్లతో, గొంతుతో మూడు రావడం చిన్న సంగతి కాదు. నేను కొండలెక్కను, మోకాళ్లు సహకరించవు. ఇంట్లో కూర్చుని ఎక్కేవాళ్లను వెతికి పట్టుకునే చేజర్‌ని. అందుకే మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను.

మేం రోజంతా డయల్ తిప్పుతూ కూర్చోం. సోటావాచ్ అనే సైటు తెరిచి చూస్తాం. ఫలానా శిఖరం, ఫలానా వేళ, ఫలానా ఫ్రీక్వెన్సీ అని ముందు రోజే మీరు అలర్ట్ పెడితే ఆ వేళకు రేడియో దగ్గర ఉంటాం. మీరు గాలిలోకి వచ్చాక ఎవరో ఒకరు మీరు ఫలానా చోట వినబడుతున్నారని అందులో స్పాట్ వేస్తే పదిమంది ఒక్కసారిగా అక్కడ వాలతారు. మీరు పెట్టారా?

కొత్తగొంతు
ఆదివారం, రాత్రి 9:48

పెట్టలేదు. పైకి వెళ్లాక పెడదామనుకున్నాను. పైన ఫోన్‌కు సిగ్నల్ లేదు.

తీగబారెడు
ఆదివారం, రాత్రి 10:25

తమ్ముడూ, నీ యాంటెన్నా సంగతి నాకు వదిలెయ్. ముందు ఆ 250 కిలోమీటర్ల స్నేహితుడి విషయం. నీ తీగ తప్పేమీ లేకుండా పనిచేసినా అతనికి నువ్వు వినిపించేవాడివి కాదు. 20 మీటర్ల బ్యాండ్‌లో పగటిపూట తరంగం ఏటవాలుగా పైకి వెళ్లి, అయానోవరణంలో వంగి, చాలా దూరంలో దిగుతుంది. నిటారుగా వెళ్లింది తిరిగి రాకుండా అంతరిక్షంలోకి పోతుంది. నీ చుట్టూ కొన్ని వందల కిలోమీటర్లు నువ్వు వినబడని వలయం. దాన్నే స్కిప్ జోన్ అంటాం. నీ స్నేహితుడు సరిగ్గా అందులో కూర్చున్నాడు.

దగ్గరివాళ్లు కావాలంటే 40 మీటర్ల బ్యాండ్‌కు రావాలి. తీగను కావాలనే తక్కువ ఎత్తులో, 5, 6 మీటర్ల మీద కట్టు. 7 మెగాహెర్ట్జ్‌కు 5 మీటర్లంటే తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు. అంత కిందుగా ఉన్న తీగ శక్తిని ఎక్కువగా నడినెత్తి మీదికి పంపుతుంది. అది పైనుంచి గొడుగులా పరుచుకుని దిగి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్లలో ఉన్నవాళ్లందరికీ అందుతుంది. అడవిలో కూర్చునేవాళ్లకు ఇది వరం. మధ్యలో కొండలున్నా, చెట్లున్నా దానికి పట్టదు, పైనుంచి కదా వచ్చేది.

ఇక తడి ఆకులు. నీదిలా తరంగదైర్ఘ్యంలో సగం పొడవుండే అరతరంగపు తీగ కొసల్లో కరెంటు దాదాపు సున్నా, వోల్టేజీ మాత్రం చాలా ఎక్కువ. అక్కడి ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) సుమారు 2,450 ఓములు, అందుకే మనం 49:1 ట్రాన్స్‌ఫార్మర్ వాడి రేడియో కోరే 50కి దించుతాం. 5 వాట్లకే కొసన 110 వోల్టులుంటాయి. ఆ కొస వెళ్లి తడి కొమ్మల్లో ఒరుసుకుంటే శక్తి కొంత అక్కడే వేడిగా పోతుంది, ట్యూనింగ్ కూడా పక్కకు జరిగిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 ఉందని సంబరపడకు. నష్టం ఎక్కువైనా ఎస్‌డబ్ల్యూఆర్ మంచిగానే కనబడుతుంది. కొసకు ఒక మీటరు నైలాన్ తాడు కట్టి, ఆ తాడునే చెట్టుకు ముడివెయ్. తీగ ఆకులకు తగలకూడదు, నీ చేతికీ తగలకూడదు.

పాతడిట్
సోమవారం, ఉదయం 6:05

తీగబారెడు గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. 40 మీటర్ల అరతరంగానికి 20.3 మీటర్ల తీగ పడుతుంది. దాన్ని మధ్యలో ఎత్తి రెండు కొసలూ కిందికి దించి తిరగేసిన వీలా కడితే ఒక్క ఆధారం చాలు. అదే తీగ 20 మీటర్ల బ్యాండ్‌లోనూ పలుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నేల వైపు మొనకు 2 మీటర్ల తోక తగిలించండి.

మరో మాట. మోర్స్ నేర్చుకోండి. గొంతు సుమారు 2,400 హెర్ట్జ్ వెడల్పు తీసుకుంటుంది, మోర్స్‌ను 500 హెర్ట్జ్ ఫిల్టర్‌లో హాయిగా వినొచ్చు. ఆ తేడా ఒక్కటే దాదాపు 7 డెసిబెల్స్, అంటే మీ 5 వాట్లు 24 వాట్లు అయినట్టు. ఇంకో వరం కూడా ఉంది. అలర్ట్ పెట్టి కొండెక్కి మోర్స్‌లో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అని) పిలిస్తే, తమంతట తామే మోర్స్ విని రాసుకునే రివర్స్ బీకన్ నెట్‌వర్క్ వాళ్ల రిసీవర్లలో ఏదో ఒకటి మీ కాల్ సైన్‌ను (రేడియో మీద మీ పేరును) పట్టేస్తుంది, స్పాట్ దానంతటదే పడుతుంది. ఫోన్‌కు సిగ్నల్ లేని అడవిలో ఇంతకంటే నమ్మకమైన దారి నేను చూడలేదు.

నిశిరాత్రి
సోమవారం, ఉదయం 7:30

మోర్స్ నేర్చుకునేదాకా ఆగాలా? కంప్యూటరే పంపి, కంప్యూటరే విప్పే ఎఫ్‌టీ8 పద్ధతి ఉందిగా. శబ్దం కన్నా 20 డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నల్‌ని కూడా విప్పుతుంది. చిన్న టాబ్లెట్ తీసుకెళ్తే సరి.

పాతడిట్
సోమవారం, ఉదయం 7:52

నిజమే, నేను కాదనను. 2017లో అది వచ్చాక బలహీనమైన స్టేషన్లకు బతుకు దొరికింది. ఎఫ్, టీ అనే అక్షరాలు ఫ్రాంకే, టేలర్ అనే ఇద్దరి పేర్లవి. ఆ జో టేలర్ భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ అందుకున్నవాడు. అయితే 15 సెకన్ల వంతులకు గడియారం ఒకటి రెండు సెకన్లలోపు కలవాలి. నెట్ లేని చోట జీపీఎస్ నుంచి సమయం తీసుకోవాలి. ఎండలో తెర కనబడాలి, వానలో అది తడవకూడదు, దాని బ్యాటరీ బరువు కూడా మోయాలి. నా సంచిలో మోర్స్ కొట్టే మీట ఒక్కటే ఉంటుంది, అగ్గిపెట్టెంత. నా ఎంపిక అది.

నీలిగీత
సోమవారం, రాత్రి 8:15

రెండుసార్లు చదివాను. ఒక ప్రశ్న అడగక తప్పదు. కొత్తగొంతు గారూ, "కాస్త కింద ఖాళీ జాగా" అన్నారు. ఎంత కింద?

కొత్తగొంతు
సోమవారం, రాత్రి 8:31

ఆ అనుమానం నాకూ వచ్చి వాచీ చూశానండీ. అందులోని ఆల్టిమీటర్ 921 చూపించింది. కొస నుంచి 25 మీటర్లలోపు ఉండాలి, 940 లోంచి 25 తీసేస్తే 915 కదా, అందుకే లోపలే ఉన్నాననుకున్నాను. కింద బయలుదేరేటప్పుడు దాన్ని సరిచేసే పెట్టుకున్నాను.

నీలిగీత
సోమవారం, రాత్రి 9:20

మీరు విడిగా పంపిన దారి గుర్తుల్ని పటం మీద పెట్టి చూశాను. ఆ ఖాళీ జాగా 900 మీటర్ల గీత మీద ఉంది. శిఖరం నుంచి 40 మీటర్ల దిగువ. యాక్టివేషన్ జోన్ అంటే కొస నుంచి నిలువుగా 25 మీటర్లలోపు, మధ్యలో ఎక్కడా తెగకుండా ఉండే ప్రదేశం. బాధగానే చెబుతున్నాను, ఆ మూడూ కూడా సోటా లెక్కలోకి రావు. వాటిని నమోదు చేయకండి.

వాచీ ఎందుకు తప్పు చెప్పిందో కూడా చూడండి, అది ఇంకా ముఖ్యం. దానిలో ఉన్నది గాలి ఒత్తిడి కొలిచే పరికరం, ఎత్తు కొలిచేది కాదు. ఆ ఎత్తులో ఒక హెక్టోపాస్కల్ తగ్గితే 9 మీటర్లు పైకెక్కామనుకుంటుంది. మీది 21 మీటర్లు ఎక్కువ చూపించింది. అంటే మీరు నడిచిన వేళలో ఒత్తిడి రెండుకు పైగా హెక్టోపాస్కల్స్ పడిపోయింది. మబ్బు కమ్ముతోందని మీ వాచీ అప్పుడే చెప్పింది. ఆ తర్వాతే కదా మీకు ఉరుములు వినబడ్డాయి.

దట్టమైన చెట్ల కింద జీపీఎస్ ఎత్తునూ నమ్మలేం. ఎత్తు తెలిసిన చోటు ఏదైనా దారిలో ఉంటే, దాటిన ప్రతిసారీ వాచీని సరిచేసుకోండి. అన్నిటికన్నా మంచిది కొస మీదే దాన్ని 940కి పెట్టి, అక్కడి నుంచి 15 మీటర్లకు మించి దిగకపోవడం.

కొత్తగొంతు
సోమవారం, రాత్రి 9:44

చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. ఒక్క కాంటాక్టు కోసం బాధపడుతూ వచ్చాను, ఉన్న మూడూ లేవని తెలిసింది. కానీ చెప్పినందుకు కృతజ్ఞతలు. తెలియక నమోదు చేసి ఉంటే అంతకన్నా సిగ్గుపడేవాణ్ని. మళ్లీ వెళ్తాను. పొదల్లో చోటు ఎలా చేసుకోవాలో మాత్రం తెలియడం లేదు. కొమ్మలు కాస్త కొట్టుకోవచ్చా?

వానచినుకు
సోమవారం, రాత్రి 10:02

వద్దండీ, దయచేసి వద్దు. నాకు రేడియో తెలియదు, అడవుల్లో నడవడం తెలుసు. స్నేహితుడు ఈ చర్చ చూపిస్తే చదువుతున్నాను. మీరు చోటు కోసం రెండు కొమ్మలు కొడతారు. అదే శిఖరానికి ఇంకొకరు వచ్చి ఇంకో రెండు కొడతారు. కొస మీది మొక్కలు గాలికీ ఎండకూ ఓర్చి ఎన్నో ఏళ్లకు ఆ మాత్రం పెరుగుతాయి. మీకు కావలసింది ఒక మనిషి ఆనుకునేంత చోటు. చెట్టు మొదలు దగ్గర నేల సాధారణంగా ఖాళీగానే ఉంటుంది, అక్కడ కూర్చోండి.

ఇంకో మాట. తాడు కొమ్మల మీదుగా విసిరి లాగడం నాకు నచ్చలేదు. సన్నటి తాడు లేత బెరడును కోస్తుంది. గూళ్ల కాలంలో పక్షులు బెదిరిపోతాయి.

తీగబారెడు
సోమవారం, రాత్రి 10:30

వానచినుకు గారూ, కొమ్మలు నరకడం విషయంలో మీ మాటే నా మాట. మేకులు కొట్టేవాళ్లతో నేను చాలాసార్లు గొడవ పడ్డాను. తాడు విసరడాన్ని మాత్రం పూర్తిగా తప్పనలేను. నా తీగ, ట్రాన్స్‌ఫార్మర్ కలిపినా పావుకిలో దాటవు. మణికట్టు మందం ఉన్న పచ్చి కొమ్మ మీద నెమ్మదిగా లాగితే దానికి దెబ్బ తగిలినట్టు నేను చూడలేదు.

వానచినుకు
సోమవారం, రాత్రి 10:51

పైకి లాగేటప్పుడు దెబ్బ తగలకపోవచ్చు. చిక్కుకుపోయాక ఏం చేస్తారు? అందరూ బలమంతా పెట్టి గుంజుతారు. కొమ్మైనా విరుగుతుంది, తాడైనా తెగి అక్కడే వేలాడుతుంది. పక్షి కాలికి చుట్టుకున్న నైలాన్ దారాన్ని నేను ఈ చేతులతో విప్పాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తీగబారెడు
సోమవారం, రాత్రి 11:10

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒకసారి నా తాడూ అలాగే ఉండిపోయింది. తమ్ముడూ, నువ్వు మడిచి పెట్టుకునే 6 మీటర్ల ఫైబర్‌గ్లాస్ కర్ర తీసుకెళ్లు. దాన్ని చెట్టు మొదలుకు వెడల్పాటి పట్టీతో కట్టు. నలభై మీటర్ల బ్యాండ్‌కు మనకు కావలసిన ఎత్తు ఎలాగూ అంతే. పైన ఎండు కొమ్మ వేలాడుతోందేమో చూసి మరీ కూర్చో.

నిశిరాత్రి
మంగళవారం, ఉదయం 7:15

చేతి రేడియోతో 2 మీటర్ల ఎఫ్‌ఎం ప్రయత్నిస్తే? ఆ ఎత్తు నుంచి లెక్క ప్రకారం 120 కిలోమీటర్లు పైనే అందాలి.

పాతడిట్
మంగళవారం, ఉదయం 7:40

బోడి కొండ మీదైతే అంతే. ఆకుల గోడ మధ్య నుంచి 2 మీటర్ల లాంటి వీహెచ్‌ఎఫ్ తరంగం బాగా తరుగుతుంది, తడి ఆకులైతే మరీ. జోన్ లోపలే అంచున బండ ఏదైనా ఉంటే అక్కడికి వెళ్లి పిలవండి. మన మాటను అందుకుని తిరిగి ప్రసారం చేసే రిపీటర్ మీద చేసినవి మాత్రం లెక్కకు రావు.

దూరశ్రోత
మంగళవారం, రాత్రి 8:20

కొత్తగొంతు గారూ, మళ్లీ ఎప్పుడు వెళ్తున్నారో చెప్పండి. పైన సిగ్నల్ లేకపోయినా ఫర్వాలేదు. వేళా, ఫ్రీక్వెన్సీ ముందే అనుకుందాం. మీరు వినబడగానే స్పాట్ నేను వేస్తాను.

కొత్తగొంతు
పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:05

వెళ్లొచ్చాను!

ఈసారి చీకటితోనే బయలుదేరి, మధ్యాహ్నం దాటకముందే దిగేలా అనుకున్నాను. కొస మీద వాచీని 940కి పెట్టాను. పెట్టబోయే ముందు 943 చూపిస్తోంది. ఒత్తిడి కదల్లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. వానచినుకు గారు చెప్పినట్టు, ఎనిమిది మీటర్ల దిగువన పెద్ద చెట్టు మొదట్లో నేల నిజంగానే ఖాళీగా ఉంది. రెండు వేర్ల మధ్య కుర్చీలో కూర్చున్నట్టు సరిపోయాను. ఒక్క ఆకు కూడా తుంచలేదు.

కర్రను పట్టీతో కట్టి తీగను తిరగేసిన వీలా దించాను. కొసలకు నైలాన్ తాళ్లు. మొత్తం పావుగంట.

రేడియో పెట్టగానే ఏం వినబడిందో ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఏమీ వినబడలేదు. ఇంట్లో 40 మీటర్ల మీద ఎప్పుడూ సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్7 దాకా లేచే గోల. చుట్టుపక్కల ఇళ్ల దీపాలు, చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ కలిసి ఒకటే హోరు. అక్కడ మీటరు ముల్లు లేవలేదు. రేడియో పాడైందని భయపడి వాల్యూమ్ పెంచాను. అప్పుడు ఎవరో ఇద్దరు మాట్లాడుకోవడం వినబడింది, పక్క గదిలో ఉన్నట్టు. వెనక గాలి, ఏదో పక్షి. పోయినసారి ఇదంతా నేను గమనించనే లేదు, పిలవడంలోనే మునిగిపోయాను.

అనుకున్న వేళకు పిలిచాను. మూడో పిలుపుకు దూరశ్రోత గారు వచ్చారు, 5, 3 ఇచ్చారు (మొదటిది మాట స్పష్టత, రెండోది సిగ్నల్ బలం). ఆయన స్పాట్ వేసిన రెండు నిమిషాలకు ఒకరి మీద ఒకరు పిలవడం మొదలైంది. చేయి వణికి మొదటి రెండు కాల్ సైన్లు తప్పు రాసి, మళ్లీ అడిగి దిద్దుకున్నాను. నలభై నిమిషాల్లో పద్నాలుగు కాంటాక్టులు. 250 కిలోమీటర్ల స్నేహితుడు ఆరోవాడు. పదకొండోది ఇంకో శిఖరం నుంచి. అతనిదీ 5 వాట్లే. ఇద్దరం చెట్ల కింద కూర్చుని, ఒకరికొకరు శిఖరం నంబర్లు చెప్పుకున్నాం.

దూరశ్రోత
ఆదివారం, రాత్రి 8:30

ఇక్కడ నా మీటరు మీద మీరు ఎస్3, అటూ ఇటూ ఊగుతూ. మీరు 100 వాట్లతో వచ్చి ఉంటే ఇంకో 13 డెసిబెల్స్ కలిసేవి, రెండు ఎస్ యూనిట్లకు కాస్త పైన. అంతకు మించి తేడా ఉండదు. మీ మాట ప్రతిదీ అర్థమైంది. మీ వెనక పక్షి అరుపు కూడా విన్నాను.

నీలిగీత
ఆదివారం, రాత్రి 8:47

లాగ్ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో) రాశారు కదా? దారి గుర్తులు చూశాను, 932. హాయిగా నమోదు చేయండి.

వానచినుకు
ఆదివారం, రాత్రి 9:15

ఆ పక్షి ఎలా అరిచిందో వీలైతే రాయండి. ఏ పిట్టో చెప్పడానికి ప్రయత్నిస్తాను. తర్వాతిసారి మీవాళ్లు ఎవరైనా నన్ను తోడు తీసుకెళ్తే వస్తాను, సంచిలో కొంత బరువు నేను మోస్తాను.

కొత్తగొంతు
ఆదివారం, రాత్రి 9:33

తప్పకుండా రండి. సోటాలో మోసేది మనమే అయ్యుండాలి, తోడు వచ్చేవాళ్లు మోసినా అది మన జట్టే. అరుపు రెండు పొడుగు, ఒక పొట్టి. చివరిది కాస్త కిందికి జారుతుంది.

పాతడిట్ గారూ, మోర్స్ మొదలుపెట్టాను. రోజుకు రెండు అక్షరాల చొప్పున పద్దెనిమిది వచ్చాయి. వేగం నిమిషానికి ఎనిమిది పదాలు కూడా లేదు. ఈ వేగంతో గాలిలోకి వస్తే అవతలివాళ్లకు విసుగేమో అని ఆగుతున్నాను.

పాతడిట్
సోమవారం, ఉదయం 5:50

రెండు పొడుగు, ఒక పొట్టి అంటే జీ అక్షరం. అదీ వచ్చేసినట్టే.

మిగతా ఎనిమిది అక్షరాలకూ నాలుగు రోజులు, అంకెలకు అయిదు. వచ్చే వారం శనివారం, పొద్దున ఏడింటికి నేను 7.032 మీద వింటూ ఉంటాను. కొండ ఎక్కక్కర్లేదు, ఇంటి నుంచే పంపండి. ఎంత నెమ్మదిగా వస్తే అంత నెమ్మదిగా పంపండి. మీ వేగంలోనే జవాబిస్తాను.